ఆ ఎర్ర గీత ఏం చెబుతుంది?



2020 వేసవి మనకి చాలా కొత్త మాటలు నేర్పింది. లాక్‌డౌను, క్వారంటైను, పాజిటివు, నెగెటివు... కూరలబండి దగ్గర కూడా ఇవే మాటలు. వాటన్నిటిలోకీ ఎక్కువ తికమక పెట్టిన మాట "ర్యాపిడ్ టెస్టు". వేలికొన మీద చిన్న సూదిపోటు, ఒక్క చుక్క రక్తం, అరచేతిలో పట్టేంత ప్లాస్టిక్ పలక, పావుగంటలో జవాబు. గీత పడితే ఒక భయం, పడకపోతే ఒక ధీమా. ఆ భయమూ చాలాసార్లు అనవసరమైనదే, ఆ ధీమా కూడా చాలాసార్లు తప్పుదే. ఆ గీత అసలు ఏం చెబుతుందో, ఏం చెప్పలేదో ఇవాళ కాస్త వివరంగా చెప్పుకుందాం. కరోనా గొడవ సద్దుమణిగింది కదా, ఇప్పుడెందుకమ్మా అంటారేమో! ఇప్పుడూ వర్షాకాలం వస్తే డెంగ్యూకీ, టైఫాయిడుకీ ఇలాంటి పరీక్షలే చేయించుకుంటున్నాం. కాగితం చేతికి వచ్చాక దాన్ని అర్థం చేసుకోవలసింది ఇంట్లో మనమే.

ముందు ఒక సంగతి. వొంట్లో జబ్బు వుందో లేదో తెలుసుకోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి, దొంగనే పట్టుకోవడం. రెండోది, దొంగ వచ్చాడని పోలీసులు బయలుదేరారా అని చూడటం. ముక్కులోంచీ గొంతులోంచీ పుల్లతో తీసే పరీక్ష మొదటి రకం. అది వైరస్ కోసమే వెతుకుతుంది. వేలి మీద చుక్క తీసే యాంటీబాడీ పరీక్ష రెండో రకం. అది వైరస్ జోలికే పోదు. వైరస్‌ని ఎదుర్కోవడానికి మన రక్తం తయారుచేసుకున్న యాంటీబాడీలు, అంటే ప్రతిరక్షకాలు, వున్నాయా లేవా అని మాత్రం చూస్తుంది. ఈ తేడా మనసులో పెట్టుకుంటే తక్కినదంతా సులువు.

మొదటి రకం పరీక్షకి పెద్ద ప్రయోగశాల కావాలి. పుల్లని చల్లగా వుంచిన సీసాలో భద్రంగా చేర్చాలి. అందులోంచి వైరస్ తాలూకు జన్యుపదార్థాన్ని వేరు చేయాలి. దాన్ని యంత్రంలో పెట్టి, ఒకటి రెండుగా, రెండు నాలుగుగా, నాలుగు ఎనిమిదిగా పెంచుకుంటూ పోవాలి. అప్పుడుగాని కంటికి ఆనదు. దీన్నే ఆర్.టి.పి.సి.ఆర్. అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ పని మొదట తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి ప్రయోగశాలలో మొదలైంది. తర్వాత కాకినాడ, విజయవాడ, అనంతపురం, గుంటూరు, కడప, మన విశాఖలో ఆంధ్రా మెడికల్ కాలేజీ ప్రయోగశాలలు అందుకున్నాయి. అప్పట్లో ఒక్కొక్క ఫలితానికి రోజుల తరబడి ఎదురుచూసిన కుటుంబాలు మనలో వుండే వుంటాయి. ఊళ్ళన్నీ గుమ్మాలు మూసుకుని కూర్చున్న ఆ రోజుల్లో, పావుగంటలో తేల్చే పలక వుందంటే ఎవరికి మాత్రం ఆశ కలగదు?

ఆ ఆశతోనే 2020 ఏప్రిల్ 17న దక్షిణ కొరియా నుంచి ప్రత్యేక విమానంలో లక్ష ర్యాపిడ్ కిట్లు మన రాష్ట్రానికి వచ్చాయి. అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డిగారు ముందుగా తానే పరీక్ష చేయించుకున్నారు. సరిగ్గా ఆ రోజుల్లోనే కేంద్రం తెప్పించిన అయిదు లక్షల కిట్లు చైనా నుంచి దిగాయి. అవి వేరు, మనకి కొరియా నుంచి వచ్చినవి వేరు. చైనా కిట్ల కథ వారం తిరక్కుండానే అడ్డం తిరిగింది. జబ్బు వుందని ముందే తేలినవాళ్ళకి ఆ పలక పెట్టి చూస్తే నూటికి అయిదారుగురికి మాత్రమే సరిగా చెబుతోందని రాజస్థాన్ ప్రభుత్వం చెప్పింది. భారత వైద్య పరిశోధన మండలి ఏప్రిల్ 21న రెండు రోజులు వాడకం ఆపమంది. 27న ఆ రెండు చైనా కంపెనీల కిట్లు ఇక వాడవద్దు, తిరిగి పంపేయమని రాష్ట్రాలకి ఉత్తరం రాసింది.

ఇక ఆ పలకలో జరిగేదేమిటో చూద్దాం. పైకి ప్లాస్టిక్ డబ్బీ, లోపల సన్నటి పొడుగాటి కాగితంలాంటి పట్టీ. ఒక చివర చిన్న గుంట. అందులో రక్తపు చుక్క వేసి, దానిమీద రెండు మూడు చుక్కలు ద్రావకం వేస్తారు. దీపపు వొత్తి నూనెను మెల్లగా పీల్చుకున్నట్టు పట్టీ ఆ తడిని ఈ చివర నుంచి ఆ చివరకి లాక్కుంటుంది. దారిలో వైరస్ మాంసకృత్తు ముక్కలు అంటించిన బంగారు రేణువులుంటాయి. అవునండీ, బంగారమే! ఆశపడకండి, పుస్తెకి కాదుగదా, దాని గీటుకి కూడా చాలదు. చిత్రమేమిటంటే బంగారాన్ని అంత సూక్ష్మంగా చేస్తే పచ్చగా వుండదు, కెంపు రంగులో కనిపిస్తుంది. మనం చూసే ఎర్రగీత ఆ బంగారమే.

రక్తంలో కరోనాకి యాంటీబాడీలు వుంటే అవి ఆ రేణువులని పట్టుకుని వాటితో కలిసి ముందుకి సాగుతాయి. ముందు దారిలో రెండు చోట్ల కంటికి కనపడని గీతలు గీసి వుంచుతారు. ఒకటి ఐజిఎం రకాన్ని పట్టుకునేది, రెండోది ఐజిజి రకాన్ని పట్టుకునేది. యాంటీబాడీలు అక్కడ చిక్కుకుంటాయి, వాటితోపాటు బంగారమూ ఆగిపోతుంది. ఎర్రగీత తేలుతుంది. రక్తంలో అవి లేకపోతే రేణువులు ఆగకుండా దాటిపోతాయి, గీత పడదు. చివర ఇంకో గీత వుంటుంది, దాన్ని సి అనే ఇంగ్లీషు అక్షరంతో గుర్తిస్తారు. జబ్బు వున్నా లేకపోయినా ఆ గీత పడి తీరాలి. అది పడకపోతే పలక పాడైందనో, చుక్క చాలలేదనో అర్థం. తక్కిన గీతలు ఎలా వున్నా ఆ పరీక్షని పారేసి కొత్తది చేయాలి. తూకం వేసేముందు ఖాళీ త్రాసు ముల్లు నడిమికి నిలిచిందా అని చూస్తాం చూశారా, అలాంటిదే ఇది.

గర్భం వచ్చిందేమోనని మందుల షాపులో కొనుక్కునే పలక కూడా ఈ పద్ధతిదే. ఐతే అది రక్తంతో కాకుండా మూత్రంతో పనిచేస్తుంది, వెతికేది హార్మోనుని. కిటుకు మాత్రం ఒకటే.

ఇప్పుడు అసలు మెలిక దగ్గరకి వస్తున్నాం. వైరస్ వొంట్లో అడుగుపెట్టగానే యాంటీబాడీలు పుట్టుకురావు. పాలు తోడుపెట్టామనుకోండి, గంటకే గిన్నె వంచి చూసి "పెరుగు కాలేదు, తోడే వెయ్యలేదు" అంటామా? తోడు పడింది, కాని తోడుకోవడానికి వేళ కావాలి. అలాగే కరోనాలో ఐజిఎం కనిపించడానికి సుమారు వారం, ఐజిజి గట్టిపడటానికి సుమారు రెండు వారాలు పడుతుంది. జ్వరం వచ్చిన రెండోరోజున ఈ పరీక్ష చేస్తే చాలామందికి గీత పడదు. కాని సరిగ్గా ఆ రెండు మూడు రోజుల్లోనే ముక్కులో గొంతులో వైరస్ ఎక్కువగా వుంటుంది, పక్కవాళ్ళకి అంటుకునేదీ అప్పుడే. అంటే ప్రమాదం ఎక్కువగా వున్న రోజున పలక తెల్లమొహం వేస్తుంది. ప్రమాదం చాలావరకు దాటిపోయాక ఎర్రగా వెలుగుతుంది!

ఈ వరస తెలియక జరిగిన ఒక సంగతి చెబుతాను, పేర్లు వద్దు. అచ్యుతాపురం మీకు తెలుసుగదా. ఒకప్పుడు అనకాపల్లి నుంచి పూడిమడక చేపలరేవుకి పోయే దారిలో వున్న వూరు. ప్రత్యేక ఆర్థిక మండలి వచ్చాక ఫ్యాక్టరీలు లేచి, పొద్దున్నా సాయంత్రం బస్సుల నిండా పనికిపోయే ఆడపిల్లలతో కళకళలాడే వూరైంది. అప్పుడు విశాఖ జిల్లాలోదే, 2022 ఏప్రిల్ నుంచి కొత్త అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది. 2020 సెప్టెంబరులో అక్కడ ఒక వాటాలో అద్దెకున్న పిల్లకి ఎవరో ఈ పరీక్ష చేశారు. ఐజిజి గీత ఒక్కటే పడింది. ఆ పిల్లకి అప్పుడు జ్వరం లేదు, దగ్గు లేదు. నెలన్నర క్రితం నాలుగు రోజులు వొళ్ళునొప్పులతో పడుకుని లేచింది, అంతే. ఇంటావిడ "గీత" అన్న మాట వినగానే గుండె బాదుకుని, సాయంత్రానికల్లా గది ఖాళీ చెయ్యమంది. "పిన్నిగారూ, నాకేం లేదండీ, ఎప్పుడో వచ్చి పోయిందంటున్నారండీ" అని ఆ పిల్ల ఎంత మొత్తుకున్నా వినలేదు. బట్టలమూట పట్టుకుని ఆ పిల్ల రాత్రివేళ మేనత్త వూరికి పోయింది. పదిరోజుల జీతం పోగొట్టుకుంది.

అదే వారంలో ఆ ఇంటావిడ కొడుక్కి వొళ్ళు వెచ్చబడింది. రెండోరోజున అదే రకం పలకతో పరీక్ష చేయించారు. ఏ గీతా పడలేదు. "అమ్మయ్య, మావాడికి లేదు" అని అతను ఇల్లంతా తిరిగాడు, మంచంలో వున్న నాయనమ్మ పక్కన కూర్చుని కబుర్లు చెప్పాడు. మరి నాలుగు రోజులకి జ్వరం తగ్గక పుల్ల పరీక్ష చేయిస్తే పాజిటివు. ముసలావిడ ఆసుపత్రిలో పన్నెండు రోజులుండి, దేవుడి దయవల్ల తిరిగొచ్చింది. ఆలోచించండి. ఆ ఇంట్లో ఎవరివల్ల భయం లేదో ఆ పిల్లని వెళ్ళగొట్టారు, ఎవరిని విడిగా వుంచాలో అతన్ని నాయనమ్మ పక్కన కూర్చోబెట్టారు. ఇందులో ఎవరూ చెడ్డవాళ్ళు కారు. కాగితం మీది మాట అర్థం కాలేదు, అంతే.

రెండో మెలిక లెక్కలది. భయపడకండి, బియ్యంలో రాళ్ళేరే లెక్కే. వెయ్యిమంది వున్న ఒక కాలనీ అనుకుందాం. అందులో నిజంగా జబ్బు తగిలినవాళ్ళు పదిమంది. మన దగ్గరున్న పలక మంచిదే, తగిలిన పదిమందిలో తొమ్మిదిమందిని పట్టుకుంటుంది. తగలనివాళ్ళలో మాత్రం నూటికి అయిదుగురికి పొరపాటున గీత చూపిస్తుంది. అయిదేగదా అంటారా? తగలనివాళ్ళు 990 మంది. వాళ్ళలో నూటికి అయిదు చొప్పున ఇంచుమించు 50 మంది. కాలనీలో మొత్తం 59 గీతలు పడితే అందులో నిజమైనవి తొమ్మిది, ఉత్తవి యాభై! రాళ్ళు తక్కువగా వున్న సన్నబియ్యంలో చూపు ఆనని వాళ్ళు రాళ్ళేరితే, రాళ్ళకంటే నూకలే ఎక్కువ బయటపడేస్తారు. అదే కాలనీలో సగంమందికి, అంటే 500 మందికి జబ్బు తగిలి వుంటే? నిజమైన గీతలు 450, ఉత్తవి 25. పలక మారలేదు, చుట్టూ వున్న పరిస్థితి మారింది. జబ్బు అరుదుగా వున్నచోట ఒంటరి గీతని చూసి ఎవరినీ తీర్పు తీర్చకూడదనేది ఇందుకే.

మరి ఈ పరీక్ష దండగేనా అంటే, కాదు. ఒక్క మనిషి గురించి చెప్పలేనిది ఒక వూరి గురించి చెబుతుంది. ఎంతమందికి ఈ జబ్బు తెలిసీ తెలియకుండా వచ్చి పోయిందో లెక్కకట్టడానికి యాంటీబాడీలని మించిన సాక్ష్యం లేదు. భారత వైద్య పరిశోధన మండలి దేశమంతటా నాలుగుసార్లు ఇలాంటి లెక్క తీసింది. పలకల మీద కాదు, రక్తం సీసాల్లో తీసుకుని ప్రయోగశాలల్లో ఎలీసా వంటి ఇంకా నమ్మకమైన పద్ధతుల్లో చేశారు. పూణేలోని జాతీయ వైరాలజీ సంస్థ అందుకోసం 2020 మే నెలకే మన దేశపు ఎలీసా కిట్టు తయారుచేసింది. మొదటి సర్వే ఆ ఏడాది మే, జూన్ నెలల్లో జరిగింది. మన రాష్ట్రంలో విజయనగరం, కృష్ణా, నెల్లూరు జిల్లాలు అందులో వున్నాయి. దేశం మొత్తం మీద పెద్దవాళ్ళలో నూటికి ఒక్కరికి కూడా, కచ్చితంగా చెప్పాలంటే 0.73 శాతానికి మించి, యాంటీబాడీలు లేవని తేలింది. ఇందాకటి వెయ్యిమంది కాలనీ లెక్క ఇక్కడ గుర్తు తెచ్చుకోండి! 2020 డిసెంబరు, 2021 జనవరి నాటికి అది 21.4 శాతానికి పెరిగింది. 2021 జూన్, జులై నెలల్లో చేసిన నాలుగో సర్వేలో, ఆరేళ్ళు దాటిన పిల్లల్ని కూడా కలిపి, 67.6 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి డెబ్బై. మంచాన పడినవాళ్ళ లెక్క ఒకటైతే, తెలియకుండా దాటేసినవాళ్ళు దానికి ఎన్నో రెట్లని ఈ రక్తపు లెక్కలే చెప్పాయి.

ఇంకో అపోహ కూడా వుండేది. "నాకు గీత పడింది, ఇక నాకు రాదు, నేను ఎక్కడికైనా పోవచ్చు" అని. అలా కాగితాలు ఇవ్వవద్దని 2020 ఏప్రిల్‌లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది. యాంటీబాడీలు నెలలు గడిచేకొద్దీ తగ్గుతాయి. వైరస్ వేషం మారుస్తుంది. ఒకసారి వచ్చినవాళ్ళకి మళ్ళీ రావడం మనమందరం చూశాం. పైగా 2021 జనవరి 16 నుంచి టీకాలు మొదలయ్యాయి. టీకా పని యాంటీబాడీలు పుట్టించడమేగదా! కాబట్టి ఆ తర్వాత గీత పడిందంటే జబ్బు వల్లనా, టీకా వల్లనా అన్నది ఈ పలక చూసి చెప్పడం కష్టం. అప్పటికి ముక్కులోంచి తీసే ర్యాపిడ్ యాంటిజెన్ పలకలు వచ్చేశాయి. 2020 జూన్‌లో వాటికి అనుమతి దొరికింది. చూడటానికి రెండూ ఒకేలా వుంటాయి, ఇక్కడే చాలామంది పొరపడ్డారు. యాంటిజెన్ పలక వైరస్‌నే వెతుకుతుంది, యాంటీబాడీ పలక వైరస్ జాడని వెతుకుతుంది. ముక్కా, వేలా అన్నది గుర్తుపెట్టుకుంటే కరోనా వరకు చాలు.

మన ఉక్కునగరం పక్కనే వున్న మెడ్‌టెక్ జోన్‌లో ఆ ఏడాది కరోనా పరీక్ష కిట్లు, వెంటిలేటర్లు తయారయ్యాయి. ఎక్కడో చైనా నుంచో కొరియా నుంచో విమానం దిగితేగాని పరీక్ష లేదన్న స్థితి నుంచి మన వూళ్ళోనే చేసుకునే స్థితికి వచ్చాం. సంతోషించవలసిన సంగతే. ఐతే పలక ఎంత మంచిదైనా, దాన్ని ఏ రోజున వాడాలో, దాని జవాబుని ఎలా చదవాలో తెలియకపోతే ఫలితం ఏముంది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న కరోనా అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. కాని ఈ పాఠం మన వంటింటి గుమ్మం దాకా వచ్చే మిగతా జ్వరాలకీ పనికొస్తుంది. డెంగ్యూ సంగతి తీసుకోండి. ఎన్ఎస్1 అన్నది వైరస్ భాగాన్నే వెతికే పరీక్ష, జ్వరం మొదటి రోజుల్లో పనికొస్తుంది. ఐజిఎం యాంటీబాడీ సుమారు అయిదోరోజు తర్వాతగాని కనిపించదు. రెండోరోజున ఐజిఎం లేదని, పిల్లవాడికి డెంగ్యూ కాదని ధీమా పడకూడదు. పలకలో గీత పడినా ఎలీసా పరీక్షతో నిర్ధారించుకోవాలని ప్రభుత్వ కార్యక్రమం చెబుతుంది. టైఫాయిడుకి చేసే వైడాల్ పరీక్ష కూడా యాంటీబాడీలదే, 1896 నాటిది. ఎప్పుడో వచ్చిపోయిన టైఫాయిడు వల్లనో, వేయించుకున్న టీకా వల్లనో కూడా అది పాజిటివు చూపించవచ్చు. ఒక్క వైడాల్ కాగితం పట్టుకుని వారాలకి వారాలు మందులు మింగే ఇళ్ళు ఎన్ని లేవు! రక్తాన్ని కల్చర్ చేస్తే టైఫాయిడు క్రిమే దొరుకుతుంది. అది దొంగని పట్టుకునే దారి. ఐతే మందులు మొదలుపెట్టకముందే రక్తం ఇవ్వాలి.

కాబట్టి ఏ రక్తపరీక్ష చేయించినా డాక్టరుగారిని మూడు మాటలు అడగండి. మొహమాటం వద్దు, డబ్బు ఇచ్చేది మనమే, బాధ పడేదీ మనమే. మొదటిది, "ఇది క్రిమిని చూసే పరీక్షా, యాంటీబాడీని చూసేదా?" రెండోది, "జ్వరం వచ్చి ఇన్నాళ్ళయింది, ఈ రోజున చేస్తే ఫలితం తెలుస్తుందా, ఆగాలా?" మూడోది, "గీత పడితే ఏం చేస్తాం, పడకపోతే ఏం చేస్తాం?" రెండింటికీ ఒకటే జవాబైతే ఆ పరీక్ష ఎందుకో కూడా అడగండి. జ్వరం మొదలైన తేదీని కాలెండరు మీద చుట్టి వుంచండి. పాలవాడి లెక్క రాసుకునే మనకి ఇదేమీ కొత్త కాదు. డాక్టరుకి ఆ తేదీ చాలా విలువైనది.

ఇంకొక్క మాట. పనిమనిషి వచ్చినా, అద్దెకున్నవాళ్ళు వచ్చినా, "టెస్టు కాగితం చూపించు" అని అడిగే రోజులు చూశాం. మళ్ళీ ఏదో ఒక జబ్బు వస్తుంది, మళ్ళీ ఆ కాగితం అడుగుతాం. అడిగేముందు ఆ కాగితం ఏం చెప్పగలదో తెలుసుకుని అడుగుదాం. జ్వరంతో వున్నవాళ్ళని, గీత పడినా పడకపోయినా, పెద్దవాళ్ళకీ పసిపిల్లలకీ దూరంగా వుంచుదాం. వొళ్ళు బాగున్నవాళ్ళని ఒక గీత చూసి గుమ్మం దింపవద్దు. జాగ్రత్త వేరు, వెలి వేరు. జాగ్రత్త ఇంటిని కాపాడుతుంది. వెలివేస్తే మాత్రం, జ్వరం వచ్చినవాళ్ళు రేపు ఆ మాట బయటికి చెప్పకుండా దాచుకుంటారు, అది మన ఇంటికే చేటు.